గంపకొక్క గుడ్డు

"కింద పాత దుప్పటి పెట్టు, పైన ఆ నీలం చొక్కా పెట్టు. సంచి నిండుగా కనపడాలి," అన్నాడు గిడ్డంగి గుమాస్తా, గొంతు తగ్గించి.

ఆయన భార్య వరండాలో, వీధిన పోయేవాళ్ళకి కనపడేలా కూర్చుని సంచి సర్దుతోంది.

"మూడు రోజులకి దుప్పటెందుకండీ?"

"నేను నిజంగా ఊరెళ్తే కదా మూడు రోజులు! నీ బుర్రకి ఎన్నిసార్లు చెప్పాలే? అందరూ చూస్తుండగా వెళ్తాను. వెనక కంచె దాటి వచ్చి కోళ్ళ షెడ్డులో కూర్చుంటాను. నేను లేననుకుని ఆ దొంగ వెధవ దర్జాగా వస్తాడు. పట్టుకుంటాను."

"అలాగేనండి," అందామె, చొక్కా గుండీలు పెడుతూ.

ముప్పై ఏళ్ళు గిడ్డంగిలో పనిచేసిన మనిషి ఆయన. తన కళ్ళు గప్పి ఒక్క మేకు కూడా గుమ్మం దాటలేదని కనపడిన వాడికల్లా చెబుతాడు. కనపడని వాడికి కబురు పెట్టి మరీ చెబుతాడు. ఉద్యోగం అయిపోయాక ఈ అరెకరం కొని, కూరగాయలూ కోళ్ళూ పెంచడం మీద ఓ చిన్న పుస్తకం తెచ్చుకుని రైతు అయిపోయాడు. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, కోళ్ళు పురుగుల్ని తింటాయని పుస్తకంలో ఉంది కదా అని వాటిని టమాటా నారు మీదికి తోలాడు. మధ్యాహ్నానికి మడిలో పురుగూ లేదు, నారూ లేదు. అక్కడ ఏదైనా కాసిందంటే, కోడి గుడ్డు పెట్టిందంటే, అది ఆవిడ చేతి చలవే. ఆయన చేతిలో ఉన్నది గేటు తాళంచెవి. పొద్దస్తమానం గేటుకెదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మంచాన పడ్డ చెల్లెల్ని చూసొస్తానని ఆవిడ రెండేళ్ళుగా అడుగుతూనే ఉంది. "నువ్వెళ్ళి ఊదితే రోగం ఎగిరిపోతుందా? కోళ్ళకి మేత ఎవడేస్తాడు?" అన్నదే జవాబు.

అంతటి కాపలాలో నెల్లాళ్ళుగా గుడ్లు పోతున్నాయి. పెట్టలు పొద్దున్నే గుడ్లు పెట్టి గోల చేస్తాయి. ఈయన కుర్చీలోంచి లేచి వెళ్ళి చూసేసరికి గంపకొక్క గుడ్డే మిగులుతుంది. ఈ సంగతి గిడ్డంగిలో పాత స్నేహితులకి తెలిస్తే తలెత్తుకు తిరగగలడా?

"గంపకొకటి వదిలేసి పోతున్నాడు. వట్టి చవట దొంగ," అన్నాడు ఓ రోజు పక్కింటి దర్జీతో.

దర్జీ కంచె మీద మోచేతులు ఆన్చి నవ్వాడు. "చవట కాదు అన్నయ్యగారూ. గంప పూర్తిగా ఖాళీ చేస్తే పెట్ట అలిగి ఏ పొదల్లోనో పెడుతుంది. ఒకటి వదిలితే మళ్ళీ అక్కడికే వస్తుంది. ఇది కోళ్ళ సంగతి బాగా తెలిసిన చెయ్యి."

ఆ మాట పుస్తకంలో లేదు. మరి వీడికెలా తెలుసు? వీడికీ నాలుగు కోళ్ళున్నాయి! గుమాస్తా మీసం కింద నవ్వుకున్నాడు. దొంగ తన నోటితోనే దొరికిపోయాడు. ఇక చేతితో దొరకడమే తరువాయి.

మంగళవారం పొద్దున్న సంచి భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. "జాగ్రత్తే! మూడు రోజుల్లో వచ్చేస్తా!" అని దర్జీకి వినపడేలా కేకేశాడు. తాళంచెవి భార్య చేతిలో పెట్టాడు. ఊరెళ్ళేవాడు తాళంచెవి మొలన దోపుకుపోతే ఎవడు నమ్ముతాడు? ఆ ఆలోచన తనకి తట్టినందుకు తనని తనే మెచ్చుకున్నాడు.

కాసేపటికి వెనక కంచె దాటి, మోకాలు గీరుకుని, ఓ కర్ర పుచ్చుకుని షెడ్డులో దూరాడు.

"బయట గడియ పెట్టు. ఎప్పటిలా ఉండాలి, లేకపోతే వాడికి అనుమానమొస్తుంది. నేను పిలిచినా తియ్యకు. దొంగే తీస్తాడు."

"అలాగేనండి," అందామె. గడియ పడింది.

లోపల కంపు. కోడిపేలు మెడ మీద పాకుతున్నాయి. ఓ పెట్ట ఆయన ఒడిలోకెక్కి, గంపకన్నా ఇదే మెత్తగా ఉందనుకుందో ఏమో, కళ్ళు మూసుకుని కూర్చుంది. తోస్తే అరుస్తుందని గుమాస్తా దాన్ని అలాగే మోశాడు.

ఇంతలో గేటు కిర్రుమంది.

వచ్చాడు! కర్ర బిగించి పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. ఎవరూ రాలేదు. పిరికి వెధవ, పొంచి చూస్తున్నాడు కాబోలు అనుకున్నాడు. ఎండ నడినెత్తికొచ్చింది. నాలుక పిడచకట్టుకుపోయింది. "ఏమేవ్!" అని మెల్లగా పిలిచాడు. పలకలేదు. పిలిచినా తియ్యొద్దన్నది తనే కదా, ఇన్నాళ్ళకి దీనికి చెప్పిన మాట బుర్రకెక్కింది అని ముచ్చటపడ్డాడు కూడా. పొద్దు వాలేసరికి ఆ ముచ్చట తీరిపోయి, తలుపు మీద రెండు చేతులతో బాదుతూ కేకలు మొదలెట్టాడు.

గడియ తీసింది దర్జీ. గుమాస్తా ఎగిరి అతని చొక్కా పట్టుకున్నాడు.

"దొరికావురా దొంగా!"

"నేనా? మీ గావుకేకలు విని వచ్చానండీ బాబూ! ఒంటి నిండా ఆ రెట్టేమిటి?"

"బుకాయించకు! పొద్దున్న గేటు చప్పుడు నా చెవులతో విన్నాను. లోపలికొచ్చింది నువ్వు కాక ఇంకెవరు?"

దర్జీ చొక్కా విడిపించుకుని, బార్లా తెరిచి ఉన్న గేటు వైపు చూశాడు.

"గేటు తీసేది లోపలికి రావడానికేనా, అన్నయ్యగారూ?"

నెల్లాళ్ళుగా గంపకొక్కటి వదిలి మిగతా గుడ్లన్నీ తీసి వంకాయ మడిలో పాతిపెట్టిన గుమాస్తా భార్య, ఆ మంగళవారం పొద్దున్న తొమ్మిదిన్నర బస్సుకి చెల్లెలి దగ్గరికి వెళ్ళింది, మళ్ళీ తిరిగి రాలేదు.