ముసలి గిటార్ల కార్ఖానా

"ఇదిగో, ఇక్కడే దొరికిపోయారు!" అంటూ డ్వేన్ గిటార్‌ను బల్ల మీద బోర్లా తిప్పాడు.

ఒఫీలియా ముందుకు వంగి చూసింది. ఈ ఉద్యోగం రాకపోతే ఇంకో ఏడాది ఆడపడుచు ఇంట్లో సోఫా మీదే పడుకోవాలి.

కాలిఫోర్నియాలోని ఆ కార్ఖానాది ఒకటే పని. కొత్త గిటార్లను గీకి, కాల్చి, రంగు రాల్చి, ఏళ్ల తరబడి వాయించినవాటిలా చేయడం. జనం ఎగబడి కొంటారు. అక్కడ చేరాలంటే తమ చేత్తో ముసలిదాన్ని చేసిన గిటార్ ఒకటి తెచ్చి డ్వేన్‌కు చూపించాలి.

"దీని వీపు చెంచాలా ఎందుకు తొలిచారో తెలుసా? ముందు వచ్చినది చదును పలక. అంచు పక్కటెముకల్లో పొడుస్తోందని వాయించేవాళ్లు గోల పెట్టారు. అందుకని పంతొమ్మిది వందల యాభై నాలుగులో ఇలా చెక్కారు. పొట్టకు అతుక్కుపోతుంది. మరి బెల్టు బకిల్ గీతలు ఎక్కడ పడాలి? నట్టనడుమ! మీరేమో పక్కన గీశారు. బకిల్ తుంటి మీద పెట్టుకునేవాడు ఎవడండీ?"

"బొజ్జ ఉన్నవాడు పక్కకు తిప్పుకుంటాడు కదండీ?"

"బొజ్జా!" డ్వేన్ పకపకా నవ్వాడు. "సరే, ఈ సిగరెట్ మచ్చ? వాయించేటప్పుడు సిగరెట్టును పైన గిటార్ తల దగ్గర తీగ కొసకు గుచ్చుతారు. కాలేది అక్కడ. మీరు కింద కాల్చారు."

"పాట మధ్యలో నోట్లోంచి జారిపడితే?"

"ఈ నూనె మరక?"

"పెళ్లి విందులో నూనె ఓడే మొక్కజొన్న టమాలేలు తింటూ..."

"తల్లీ! వాయించేవాడికి ఉన్నవి రెండు చేతులే!"

"పక్కవాళ్లు నోట్లో పెడతారండీ," అంది ఒఫీలియా మెల్లగా.

డ్వేన్ నిట్టూర్చాడు. "మీకు ఊహ జాస్తి. పనితనం ఉంది, కానీ అతి చేశారు. అసలైన పాత గిటార్‌ను నేను కళ్లు మూసుకుని పట్టేస్తాను. అది ఇలా ఉండదు. సోమవారం రండి, నేర్పిస్తాను."

బయట కారులో ఆడపడుచు యొలాండా కాచుకుని ఉంది.

"ఇచ్చాడా? లేక నా సోఫాకు మోక్షం లేదా?"

"ఇచ్చాడు వదినా."

"మరి ఆ మొహమేంటే?"

ఒఫీలియా గిటార్‌ను వెనక సీటులో పెట్టి తలుపు వేసింది.

"మీ తమ్ముడు బతికినన్నాళ్లూ వాయించినా అది పాతదిలా లేదట!"