పక్కచేనాయన

తాడిమర్రి వైపు మేతకు తోలుకుపోయిన గొర్రెలతో నాగన్న ఊరు చేరాడు. భార్య ముత్యాలమ్మ మొదట చెప్పింది ఈ సంగతే.

"ఎవురో ముసిలి సాయిబు రెండు తూర్లు వచ్చిపోయినాడు. హిందూపురమంట. నీతోనే మాట్లాడాలంట."

"ఏం పనంట?"

"అడిగితిని. 'మీ ఆయనకే చెప్పాల్సిన మాట తల్లీ' అన్యాడు. నువ్వు ఊర్లో లేవంటే, వచ్చేదాకా ఆగుతాలే అని పోయినాడు."

"బ్రోకరై ఉంటాడు." నాగన్న తేల్చేశాడు.

అతను అలా అనుకోవడంలో వింతేమీ లేదు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచి బుక్కపట్నం చుట్టూ బ్రోకర్లు ఈగల్లా ముసురుతున్నారు. ఒకడు తీపి మాటలు చెప్పి నాగన్న తమ్ముడి చేత సంతకం పెట్టించుకున్నాడు. చేను పోయింది. ఆ తమ్ముడిప్పుడు ధర్మవరంలో వాచ్‌మన్.

నాగన్న చేను పక్కనే ఒక బీడు. గొర్రెలు చెరువుకు దిగేది దాని మీదుగానే. తండ్రి కాలం నుంచీ అదే దారి. ఆసామి ఎవరో ఊళ్లో ఎవరికీ సరిగా తెలియదు. వచ్చి అడ్డం చెప్పినవాడూ లేడు.

ముసలాయన మళ్లీ వచ్చాడు.

నెత్తిన టోపీ, తెల్ల గడ్డం, చంకలో గొడుగు. ముత్యాలమ్మను చెంబుతో నీళ్లడిగి కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. బీడులో తువ్వాలు పరిచి నమాజు చేసుకున్నాడు. తర్వాత నాగన్న దగ్గరికి వచ్చాడు.

"నాగన్నంటే నువ్వేనా అప్పా?"

"నేనే. ఏం కావాల?"

"ఈ బీడు గురించి..."

"అనుకుంటి! యా కంపెనీ నీది?"

"కంపెనీ కాదప్పా. కూర్చోని మాట్లాడుకుందామా?"

"కూర్చోబెట్టే కదా మా తమ్ముని చేను లాక్కునింది. నిలబడే చెప్పు."

ముసలాయన నిలబడే అడిగాడు.

"ఇది అమ్మకానికి వస్తే నీకు కావాల్నా? దుడ్లు ఇప్పుడే ల్యాకపోయినా పర్వాలేదు. నిదానంగా..."

నాగన్న పకపకా నవ్వాడు.

"అప్పు కూడా నువ్వే ఇప్పిస్తావా? మీ మాటలు బాగా తెలుసులే."

"పోనీ, వేరేవాళ్లకు అమ్మితే నీకేమన్నా కష్టమా? ఆ మాటన్నా చెప్పు."

"ఎవురు ఎవురికి అమ్ముకుంటే నాకేమి? నడువు ఇంక!"

"బాగా ఆలోచించుకో అప్పా. కావాలంటే మళ్లీ వస్తా."

"వస్తే కుక్కను వదుల్తా."

 ముసలాయన నొచ్చుకున్నట్టు లేదు. వచ్చిన పని అయిపోయినవాడిలా తలూపాడు. చెంబు కడిగి ముత్యాలమ్మకు ఇచ్చి రోడ్డు వైపు నడిచాడు.

"ఆయప్ప అట్లాటోడు కాదు" అంది ముత్యాలమ్మ. "బ్రోకరయితే చెంబు కడిగి ఇస్తాడా?"

"సంతకం పెడతామంటే కాళ్లు కూడా కడుగుతారు వాళ్లు."

ఆ మాట అక్కడితో ఆగింది.

ఎండలు ముదిరాక బీడు చుట్టూ కంచె పడింది. పాతిన రాతికూసాలు, వాటికి ముళ్లతీగ. గొర్రెలు అలవాటుగా వచ్చి తీగ దగ్గర ఆగి అరిచాయి. చుట్టు తిరిగి తారురోడ్డు మీద తోలితే, మొదటి వారమే చూలు గొర్రె ఒకటి లారీ కింద పడింది.

నాగన్న పోయి, బీడు కొన్నవాళ్ల తరఫున కంచె పని చూస్తున్న గంగాధర్‌ను బతిమాలాడు.

"ఒక్క గొర్రె పట్టే సందు ఇడువప్పా. పుణ్యముంటాది."

"నా చేతిలో ల్యా నాగన్నా. దారి కావాలని అప్పుడే ఒక్క మాట అనింటే, ఆసామి నీ పేరుతో రాయించి ఇచ్చేటోడే కదా."

"యా ఆసామి? నన్ను ఎవురడిగినారు?"

గంగాధర్ అతన్ని వింతగా చూశాడు.

"ఇంట్లో ఆమెకు ఆపరేషనని అమ్మకానికి పెట్టినాడు. మా సారు అడ్వాన్సు ఇస్తామంటే ముట్టలే. దారి ఒకటైనప్పుడు మా ధర్మంలో మొదటి హక్కు పక్కచేనాయనదే, ఆయన్ని అడక్కుండా అమ్మితే దేవుని ముందర తలెత్తుకోలేనన్యాడు. ఆయన ఊర్లో లేడు, వచ్చేదాకా ఆగమన్యాడు. భార్యను ఆస్పత్రిలో పెట్టుకుని ఆగినాడప్పా!"

"ఆగి?"

"నీకు అక్కర్లేదన్యావంట. ఎవురికన్నా అమ్ముకోమన్యావంట. ఆ మాట అయినంకనే సంతకం పెట్టినాడు."



కుక్కను వదుల్తానని తను తరిమేసిన ఆ హిందూపురం సాయిబే బీడుకు ఆసామి. తన సొంత భూమి అమ్ముకోవడానికి గొర్రెల నాగన్న అనుమతి అడిగి, అది దొరికిందనే అనుకుని వెళ్లాడు.