రెగ్యులేటరు మీది గీతలు

నా పేరు కలోలైనే, వయసు డెబ్భై ఆరు. టోంగాలో లిఫుకా దీవి మాది, ఇంట్లో నేనూ కోడలూ. నలభై ఏళ్లుగా చర్చి దీపాలు నా చేతిలోనే ఉన్నాయి. ఆఖరి పాటకు మెల్లగా తగ్గించాలి.

కరెంటు పని చేసే సియోసైయా కొత్త రెగ్యులేటరు బిగించి, సమంగా తిప్పమన్నాడు. తిప్పాను. సగం దాకా వెలుగు తగ్గినట్టే లేదు. చివర్లో ఒక్కసారిగా చీకటి పడి, పాట ఆగిపోయింది.

"కరెంటు సమంగానే తగ్గింది అమ్మమ్మా, మీటరు చూడు!"

"జనం చూసేది మీటరుతోనా, కళ్లతోనారా?"

రెగ్యులేటరు చుట్టూ మేకుతో గీకి పాడుచేశానని చర్చి పెద్దలు నన్ను మాన్పించి, వాణ్ణి పెట్టారు. గీకాను. కంటికి సమంగా తగ్గేలా పాటలో ఒక్కో చరణానికి ఒక్కో గీత దాకా తిప్పాలని, మొదట ఎడంగా, చివర దగ్గరగా గీశాను. మొన్న ఆదివారం వాడు ఆ గీతలు చూసుకుంటూనే తిప్పాడు. ఒక్క గొంతూ తడబడలేదు.

చర్చి పెద్దలకు ఇచ్చే ఈ వాంగ్మూలం కింద వేలిముద్ర వేయను. ఆ గీతలే నా సంతకం.

సాక్షులు: ఫిఫిటా, మొసేసే.