ఈయన కాదమ్మా

"ఈయన కాదమ్మా," అంది టైలరమ్మ, ఫొటోని ఇంకోసారి దగ్గరగా చూసి. "నన్ను మంటల్లోంచి మోసుకొచ్చినాయన ఈయన కాదు."

ఫొటోలోని ఆయన కూతురు దాన్ని ఆమె వైపు ఇంకాస్త జరిపింది. నాన్న పోయి నెల కూడా కాలేదు. ఆయన పనిచేసిన ఫైర్ స్టేషన్‌లోనే సంస్మరణ సభ పెట్టించింది. బండి నిలబెట్టే చోట, బండిని బయటికి తీయించి మరీ కుర్చీలు వేయించింది. బల్ల మీద నాన్న ఫొటో, పక్కన ఆయన హెల్మెట్. కాసేపట్లో మైకు ముందు నిలబడి, కుట్టుపని కార్ఖానా తగలబడిన రోజు నాన్న ఒక అమ్మాయిని భుజాన వేసుకుని మెట్లు దిగిన సంగతి చెప్పాలి. ఆ అమ్మాయి ఈమే అని అందరికీ చూపించాలి. ఊరంతా గాలించి ఆమెను పట్టుకొచ్చింది అందుకే.

"సరిగ్గా చూడండి. అప్పుడు నాన్న వయసులో ఉన్నారు. జుట్టు నల్లగా ఉండేది."

"ఆ మొహం ఎలా మర్చిపోతానమ్మా? ఇంతింత మీసాలు. అదిగో, ఆయనలాగా..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. ముందు వరసలో కూర్చున్న మీసాల మామయ్య మీసాలు తెల్లబడ్డాయి గానీ, పొడవు మాత్రం తగ్గలేదు. టైలరమ్మ గబగబా వెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"ఈయనే."

మీసాల మామయ్య నాన్నతోపాటు ఉద్యోగంలో చేరి, నాన్నతోపాటే రిటైరైన మనిషి. ఇంట్లో మనిషి కిందే లెక్క. కూతురు ఆయన్ని పక్కకి, నీళ్ల గొట్టాలు ఆరేసే గోడ దగ్గరికి తీసుకెళ్లింది.

"ఏంటిది మామయ్యా?"

ఆయన గోడకి చెయ్యి ఆనించాడు.

"మీ నాన్న ఆ రోజే కాదమ్మా, ఏ రోజూ మంటల్లోకి వెళ్లలేదు. చేరిన కొత్తలోనే ఆయాసం పట్టుకుంది. పొగ పడదు. ఫోన్ దగ్గర కూర్చోబెట్టారు."

"ఎన్నాళ్లు?"

"రిటైరయ్యేదాకా. ఫోన్ మోగితే ఎత్తడం, అడ్రసు రాసుకోవడం, గంట కొట్టడం, ఫోన్ పెట్టేయడం. అంతే పని. ఉన్నది ఒక్కటే లైను. పెట్టేయకపోతే ఇంకొకళ్లకి దొరకదు కదా."

"మరి ఆ చొక్కాలు? ఇంటికొస్తే పొగ వాసన కొట్టేవిగా."

"మేం తిరిగొచ్చాక గొట్టాలు కడిగి ఆరేసేది ఆయనే. ఆ మసి వాసనమ్మా."

చిన్నప్పుడు ఆ చొక్కాలో మొహం దాచుకుని నిద్రపోయేది ఆమె. అది ఎవరో ఆర్పిన మంట తాలూకు వాసనా! పొగలో చెయ్యి చాపితే చెయ్యి కనబడదనీ, నేలకి మొహం ఆనిస్తే కాస్త గాలి దొరుకుతుందనీ, కళ్లారా చూసొచ్చినట్టే చెప్పేవాడు. "ఆ అమ్మాయిని ఎత్తుకుని తెచ్చావా నాన్నా?" అంటే "ఊ" అనేవాడు. ఆ ఒక్క "ఊ" పట్టుకుని ఆమె బళ్లో, కాలేజీలో, అత్తారింట్లో అందరి చెవులూ చిల్లులు పడేలా గొప్పలు చెప్పుకుంది. ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

"మీరైనా ఒక్క మాట చెప్పలేదేం?"

"నీకేం చెప్పాడో నాకేం తెలుసమ్మా?" ఆయన నచ్చజెప్పబోయాడు. "బంగారం లాంటి మనిషి. ఉద్యోగంలో మాట పడింది ఒక్కసారే. ఎవరో ఆడపిల్లతో మాటల్లో పడి చాలాసేపు లైను ఎంగేజ్‌లో పెట్టేశాడట. అమ్మలూ, అమ్మలూ అంటుంటే పక్కగదిలో గుమాస్తా విన్నాడు. పై ఆఫీసరు అందరి ముందూ కడిగేశాడు. ఎవరా పిల్లని ఎంతమంది అడిగినా మీ నాన్న నోరు మెదపలేదు. అంతకు మించి..."

ఆమె ఇక వినలేదు. అమ్మలూ అని నాన్న పిలిచేది లోకంలో తననొక్కదాన్నే అనుకుంది. చివరికి ఆ పిలుపు కూడా తనది కాదన్నమాట. నాన్న తనని నిలువునా మోసం చేశాడు.

ఆమె విసురుగా వెనక్కి వచ్చి ఫొటోని బోర్లించేసింది. హెల్మెట్ చేతిలోకి తీసుకుంటే తళతళలాడింది, ఒక్క గీతైనా లేదు. నాన్న తుడిచి తుడిచి మెరిపించాడని ఇన్నాళ్లూ మురిసిపోయింది. దాన్ని సంచిలో కుక్కేసింది.

"అందరూ ఏమీ అనుకోవద్దు," అంది మైకులో. "సభ లేదు. మా నాన్న గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు."

కుర్చీలు కదిలాయి. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. తన వల్లే ఇదంతా అయిందని టైలరమ్మ ముడుచుకుపోయి గేటు వైపు నడిచింది.

కూతురు సెల్‌ఫోన్ తీసింది. నాన్న చివరిసారి పంపిన వాయిస్ మెసేజ్ ఉంది అందులో. ఆయన పోయినప్పటి నుంచీ అది వినందే ఆమెకి పొద్దు గడవడం లేదు. ఇంకెందుకది? తీసిపారేయాలనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగి అక్షరాలు అలుక్కుపోయాయి. తీసేయబోయిన వేలు ఇంకోచోట పడింది. ముందున్న మైకు నాన్న గొంతుని అందుకుని స్టేషనంతా వినిపించింది.

"అమ్మలూ, బస్సు దొరకలేదా? కంగారు పడకు. నేనిక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోను. వింటున్నావా?"

"వింటున్నానండీ."

ఆ మాట అన్నది కూతురు కాదు. గేటు దగ్గర టైలరమ్మ ఆగిపోయి ఉంది. అరచేయి ముక్కుకీ నోటికీ అడ్డం పెట్టుకుంది. నెమ్మదిగా బల్ల దగ్గరికి వచ్చి, బోర్లించిన ఫొటోని రెండు చేతులతో తిప్పి నిలబెట్టింది.

"ఆ మీసాలాయన తలుపు విరగ్గొట్టుకుని వచ్చేదాకా, కుట్టుబల్ల కింద నన్ను నిద్రపోనివ్వకుండా, ఫోన్ పెట్టేయనివ్వకుండా మాట్లాడుతూనే ఉన్నది ఈ గొంతేనమ్మా."