కుర్చీకి నీళ్లు

కాలేజీ గేటు దాటగానే జయరాజుకు రోత పుట్టింది.

గోడల నిండా పోస్టర్లు. మెట్ల మీద ఎంగిలి ప్లేట్లు, వాటి మీద ఈగలు. చదువుల కార్యదర్శి పదవికి నిలబడ్డ షారుక్ అనే కుర్రాడు ఓటర్లకు బిరియానీ పెట్టాడట. తిన్నవాళ్లు చేతులు గోడకే తుడిచారు. కుళాయిలో నీళ్లుంటే కదా కడుక్కోవడానికి!

'ఛీ, ఇదీ ఒక కాలేజీయేనా!' అనుకున్నాడు. ప్రిన్సిపాల్ మేడం గట్టిగా పిలిపించకపోతే ఈ గడప తొక్కేవాడే కాదు. గుత్తిలో ఇంటి స్థలాల బేరం ఒకటి చేతిదాకా వచ్చింది. అది వదులుకుని ఎండన పడి రావలసి వచ్చింది.

వరండాలో ఇంకో వింత. ఒక పిల్ల నెత్తిన చెక్క కుర్చీ, కుర్చీ చుట్టూ వేపమండలు. వెనక ఓ గుంపు పాట పాడుతోంది. పిల్ల తడిసి ముద్దయింది.

"నమస్తే సార్. ఏ పాప నాయన మీరు?" అంది ఆ పిల్ల.

"ముందు ఇదేమో చెప్పు," అన్నాడు జయరాజు మొహం చిట్లించి.

"నా పేరు సువార్త సార్. చదువుల కార్యదర్శికి నిలబడినా. మా కంబదూరులో వాన రాకపోతే కప్పతల్లిని ఇంటింటికీ తిప్పుతారు. వాకిట్లోకి వస్తే నీళ్లు పోస్తారు. ఈడ మాకు లెక్కల సారు ఒక్కదినమూ రాల్యా. అందుకే ఆయప్ప కుర్చీని తిప్పుతాండాం."

"ప్రిన్సిపాల్‌కు చెప్పుకోవాల గానీ ఈ నాటకాలేమి? సిగ్గుగా లేదా?"

"సిగ్గు మాకెందుకు సార్? జీతం తీసుకుని రానోనికి ఉండాల. ఈసారి లెక్కల్లో తప్పితే మా నాయన నన్ను చెనక్కాయ చేన్లో కూలికి పంపిస్తానన్నాడు."

వెనకున్నవాళ్లు ఔనౌనన్నారు. జయరాజు మూతి విరిచాడు. పెద్దా లేదు, చిన్నా లేదు. గురువంటే మర్యాద అసలే లేదు. తన కాలంలో అయ్యవారి ముందు తలెత్తితే వీపు పగిలేది. బిరియానీ వాడే నయం, నోరైనా మూసుకుని పెట్టాడు.

పక్కకు తప్పుకోబోయాడు. గుంపు దారి ఇవ్వలేదు.

"ఒక్క చెంబు పోయండి సార్," అంటూ నాజ్‌నీన్ అనే పిల్ల చెంబు అందించింది. ఇళ్ల నుంచి తాగడానికి సీసాల్లో తెచ్చుకున్న నీళ్లవి.

"పోస్తే వస్తాడంటావా?" అన్నాడు వెటకారంగా.

"వాన మీదనే నమ్మకం పెట్టుకుని బతికేటోళ్లం సార్," అంది సువార్త, "మనిషి మీద పెట్టుకోమా?"

పీడ వదిలితే చాలనుకున్నాడు. మొహం పక్కకు తిప్పుకుని చెంబెడు నీళ్లూ కుర్చీ మీద కుమ్మరించాడు. తెల్లచొక్కా మీద చిందులు పడ్డాయి. అసహ్యంగా దులుపుకున్నాడు.

గోలకు ప్రిన్సిపాల్ మేడం గదిలోంచి బయటికి వచ్చింది. నీళ్లు కారుతున్న సువార్తనూ, చెంబు పట్టుకున్న జయరాజునూ మార్చి మార్చి చూసింది.

"మీ ఊరి కప్పతల్లి భలే మహిమ గలదమ్మా సువార్తా, ఇట్ల నీళ్లు పడినాయో లేదో, మీ లెక్కల సారు వచ్చి నీ ముందరే నిలబడినాడు!"