గోడ అవతలాయన

కుట్టు మాస్టారు కత్తెర పిడితో గోడ మీద ఠకఠకా కొట్టాడు.

"అవతలాయనా! నీ ప్రార్థన కాస్త మనసులో చేసుకోకూడదూ? ఇక్కడ నా కొలతలు తప్పుతున్నాయి!"

గోడ అవతల గొణుగుడు ఆగింది.

"తప్పయిపోయింది మాస్టారూ," అంది ఓ మెత్తని గొంతు.

కాసేపటికి మళ్లీ మొదలు. ఈసారి ఇంకాస్త మెల్లగా.

ఆ పక్కగదిలోకి ఈమధ్యే పుస్తకాల బైండింగ్ చేసే మనిషి ఎవరో దిగాడు. మాస్టారు ఆయన ముఖమైనా చూడలేదు. మధ్యాహ్నమయ్యేసరికి ఆయన తన దేవుడితో చెప్పుకునే మాటలు మాత్రం గోడ దాటి వచ్చేవి. వేరే మతం, వేరే భాష. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

అర్థమయినా మాస్టారికి గిట్టేది కాదు. భార్య మంచాన పడ్డప్పుడు ఆయన మొక్కని దేవుడు లేడు. ఆమె పోయాక కుట్టుమిషను పైనున్న దేవుడి పటం తీసేసి, ఆ మేకుకు కొలతల టేపు తగిలించాడు. అప్పట్నుంచీ కాలు కాలిన పిల్లే. కూర్చున్నచోట కూర్చోడు. ఒక చొక్కా పూర్తికాకుండానే ఇంకోటి పట్టుకుంటాడు. ఎదురుపడ్డవాళ్ల మీదల్లా విరుచుకుపడతాడు.

ఆరోజూ గోడను ఇంకోసారి వాయిద్దామని కత్తెర ఎత్తాడు.

కత్తెర గోడను తాకకముందే కాళ్లకింద నేల కదిలింది. పైకప్పు పెళపెళమంది. ఆ పాత భవనం సగానికి సగం కూలిపోయింది.

కళ్లు తెరిస్తే చీకటి. నోటినిండా సున్నం. కత్తిరింపు బల్ల మీద దూలం పడింది, బల్ల కింద మాస్టారు పడ్డాడు. కాళ్లు కదలడం లేదు.

"ఎవరైనా ఉన్నారా!"

అరిచాడు. గోళ్లతో ఇటుకల్ని గీకాడు. తల అటూ ఇటూ బాదుకున్నాడు. కుదురన్నదే ఎరగని మనిషిని తెచ్చి అంత బరువు కింద పడేస్తే ఎలా ఉంటాడు మరి!

"మాస్టారూ, అలా కొట్టుకోకండి. దుమ్ము రేగితే ఊపిరాడదు."

గోడ బీటలోంచి వచ్చింది ఆ గొంతు. చెవి పక్కనే ఉన్నట్టుంది.

"అవతలాయనా? నువ్వూ ఉన్నావా? దెబ్బలేమైనా తగిలాయా?"

"నాకేం ఫరవాలేదు. కూర్చునే ఉన్నాను."

"కూర్చోడానికి చోటు దొరికిందా! అదృష్టవంతుడివయ్యా. మనల్ని తీస్తారంటావా?"

"తప్పకుండా తీస్తారు. మీరు మాత్రం నిద్రపోకూడదు."

మాస్టారు కాసేపు బింకంగా ఉన్నాడు. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు.

"చచ్చిపోతానేమో. భయంగా ఉందయ్యా."

"దేవుణ్ణి తలుచుకోండి."

"మా ఇద్దరికీ మాటల్లేవు."

అవతల చిన్న నవ్వు. "అయితే నా మాటలు వాడుకోండి. నేను చెబుతాను, మీరు ఊ కొట్టండి."

"నీ దేవుడికి నేను ఊ కొట్టడమేంటి? పొత్తు కుదురుతుందా అసలు?"

"కుదరకపోతే ఆయనే చెబుతాడు లెండి. మీరు కొట్టండి."

ఆయన మొదలుపెట్టాడు. మాస్టారు విసుగ్గా "ఊ" అన్నాడు. ఆయన ఇంకో మాట చెప్పాడు. మాస్టారు మళ్లీ "ఊ" అన్నాడు. ఆ మాటలకు అర్థం తెలియదు. కానీ ప్రతి మాట చివరా ఆయన ఆగేవాడు. మాస్టారు ఊ కొడితేగానీ ముందుకు వెళ్లేవాడు కాదు. తనకోసం ఒకరు ఆగడం, భార్య పోయాక మాస్టారికి ఇదే మొదలు. ఇటుకల్ని గీకే గోళ్లు ఎప్పుడో ఆగిపోయాయి.

అయినా ఉండుండి పిలిచేవాడు.

"అవతలాయనా!"

"ఇక్కడే ఉన్నాను."

"పోకు."

"ఎక్కడికి పోతాను?"

దూరంగా ఎవరో కేకలేశారు. ఆయన గట్టిగా ఏదో బదులిచ్చాడు.

"ఎవరు?"

"సాయానికి వచ్చినవాళ్లు. మీరున్న చోటు చెప్పాను." మళ్లీ ప్రార్థన అందుకున్నాడు.

కాసేపటికి మాస్టారి నెత్తిమీద గునపాల చప్పుడు వినబడింది.

"వచ్చేశారు మాస్టారూ!" అన్నాడాయన, సొంత అన్న దొరికినంత సంబరంగా.

అంతలోనే గోడకు అటువైపు దభీమని ఏదో కూలింది. బీటలోంచి దుమ్ము మాస్టారి ముఖాన కొట్టింది.

"ఊ," అన్నాడు మాస్టారు.

అవతల్నుంచి మాట రాలేదు.

"ఊ! చెప్పవయ్యా, ఊ అంటున్నాగా!"

రాలేదు. అప్పుడు భార్య రోజూ పొద్దున్నే చెప్పుకునే ప్రార్థన మాస్టారి నోట్లోంచి తన్నుకొచ్చింది. "నా సంగతి తర్వాత చూద్దువుగాని స్వామీ, ముందు ఆయన్ని కాపాడు!" అని గొంతు చించుకున్నాడు. వినేవాడు ఉన్నాడన్న నమ్మకంతోనే అరిచాడు. ఆ నమ్మకం ఎప్పుడు వచ్చి చేరిందో ఆయనకే తెలియదు.

ఫైరింజను వాళ్లు బల్ల తప్పించి ఆయన్ను స్ట్రెచర్ మీదికి చేర్చారు. మాస్టారు వాళ్ల ఆఫీసరు చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నన్నొదిలేయండి బాబూ. ముందు గోడ అవతలాయన్ని తియ్యండి!"

"తీశామండీ." ఆఫీసరు తల దించుకున్నాడు. "ప్రాణం లేదు."

మాస్టారు భోరుమన్నాడు.

"మహానుభావుడు! నాలాగే ఇరుక్కుపోయి కూడా తన బాధ ఒక్క ముక్క చెప్పుకోలేదు."

"ఆయన ఇరుక్కోవడమేంటండీ?" ఆఫీసరు వింతగా చూశాడు. "అటువైపు మెట్లు బాగానే ఉన్నాయి, అందరూ దిగిపోయారు. అదీ కూలేలా ఉంది, వచ్చేయమని మేం ఎంత బతిమాలినా, ఇక్కడో మనిషి భయపడుతున్నాడు, అతను బయటపడ్డాకే వస్తానని ఆయనే రాలేదు."