విడిచిపెట్టిన దొంగ

“కేసు రాయలేదమ్మా, ఇంటికి పో. ఈ యుద్ధకాలంలో నూలు దొంగతనమంటే ఆరు నెలలు లోపల వేస్తారు. పిల్లల ముఖం చూసి విడిచిపెట్టినాను,” అన్నాడు ఊరంతా ‘ఏట్టయ్య’ అని పిలిచే హెడ్ కానిస్టేబుల్ గురుసామి.

పొద్దున మిల్లు గేటు దగ్గర సోదా చేస్తే వేలమ్మాళ్ అన్నం తెచ్చుకునే తూక్కుగిన్నెలో నూలు కండె దొరికింది. ఇప్పుడు స్టేషన్ నుంచి పొమ్మంటే ఆమె కదలడం లేదు.

“రాయండి ఏట్టయ్యా.”

“పిచ్చా నీకు? జైలుకు పోతావా?”

“మీరు విడిచిపెడితే, పాపమని దొంగని విడిచినారు అంటారు. ఇంక ఏ మిల్లులోనూ నాకు పని ఇయ్యరు.”

“కోర్టుకు పోతే మాత్రం ఇస్తారా?”

“అక్కడ ఒక మాట అడుగుతారంట గదా, తీసినావా లేదా అని. మా తూక్కులన్నీ ఒకే బెంచీ మీద పెడతాము అయ్యా. నా దాంట్లో కండె ఎవరు వేసినారో నాకు తెలీదు. అది చెప్పుకోవాల.”

గురుసామి కలం అందుకుని ఆగిపోయాడు. పొద్దున్నుంచి ఆమెను తిట్టాడు, ఓదార్చాడు, మజ్జిగ కూడా ఇప్పించాడు. ఆ ఒక్క మాట మాత్రం అడగలేదు.